జెర్సీ నువ్వే ఉంచుకో తమ్మీ

ముత్యం ఇంట్ల మంచం కింద ఒక రేకు సందుగ ఉన్నది. అండ్ల పదకొండు జెర్సీలున్నయ్, పదకొండు జట్లవి. కరీంనగర్‌ది నీలం, ఆదిలాబాద్‌ది ఆకుపచ్చ, నాందేడ్‌ది కాషాయం. మిగిలినయి ఉతికి ఉతికి ఏ రంగువో వాటికే యాదికి లేదు. పన్నెండోది కూడ ఒకటుండె, చంద్రపూర్ జట్టుది, ఎర్రది. దాన్ని వాళ్ళవ్వ భూమవ్వ తీసుకపోయి మక్కచేన్ల దిష్టిబొమ్మకు తొడిగింది. గా బొమ్మ మూడేండ్లు ఎండకు వానకు కదలకుంట నిలవడి పిట్టల్ని ఎల్లగొట్టింది.

"నీ కన్న గదే నయం కొడుకా. ఒక్క జట్టుల మూడేండ్లున్నది," అన్నది భూమవ్వ.

ముత్యం నవ్విండు గని లోపల సురుక్కుమన్నది. ఎందుకంటె అవ్వ అన్నది నిజం.

ఆయన ఆడింది బేస్‌బాల్. క్రికెట్ కాదు, మళ్ళ మళ్ళ అడుగకుండ్రి. గా ఒక్క ముక్క చెప్పుట్లనే ఆయన జిందగీ సగం ఒడ్సిపోయింది. చొప్పదండి బడిల చదివేటప్పుడు, క్రికెట్ జట్టుల జాగ దొరకనోళ్ళందర్ని ఒక సారు పక్కకు పిలిచి గీ ఆట నేర్పిండు. పెద్ద ముచ్చటేం కాదు. నాలుగు మూలలుంటయ్. బంతిని కొట్టినోడు బ్యాట్ ఆడ్నే పడేసి, మొదటి మూల, రెండో మూల, మూడో మూల తిరిగి, బయలెల్లిన జాగకే మళ్ళ రావాలె. గా జాగను ఇల్లంటరు. ఇంటికొస్తె ఒక పరుగు. నడుమల ఎవలన్న బంతితోని తాకిస్తె ఔట్. ఇంటి ఎనుక గొంతుక్కూసుండి, వచ్చే బంతిని పట్టి, ఇంటికొచ్చేటోన్ని అడ్డం కొట్టేటోడు క్యాచర్. ముత్యం క్యాచర్. పద్దెనిమిదేండ్లు ఊరూరు తిరిగి ఎవలెవల ఇండ్లో కావలి కాసిండు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు పెద్దలు. ముత్యం ఇంట గెల్వకముందే రచ్చకు పోయిండు. ఏ జట్టుల క్యాచర్‌కు కాలు బెణికితే గా జట్టు పిలుస్తది, ఈయన చెప్పులేసుకొని బస్సెక్కుతడు. మంచిగనే ఆడుతడు, బువ్వకాడ పేచీ పెట్టడు, అందరితోని కలుపుగోలుగ ఉంటడు. ఇగ ఆటలు ఒడ్సినంక కెప్టెనో మేనేజరో భుజం మీద చెయ్యేసి, ప్రేమగ అంటడు: "జెర్సీ నువ్వే ఉంచుకో తమ్మీ."

మొదట్ల ముత్యం అది ఇనాం అనుకొని మురిసిండు. ఐదో జెర్సీకి గని తెలివికి రాలే. వచ్చే ఏడు పిలిచేటోనికైతె జెర్సీ ఉతికి బీరువల పెడతరు. పిల్వనోనికే ఇంటికిచ్చి పంపుతరు. నాందేడోళ్ళు మరాఠీల "ఠేవ్ రే తుఝ్యాకడే" అన్నా గదే, ఆదిలాబాదోళ్ళు తెలుగుల అన్నా గదే. పన్నెండు జట్లల "మళ్ళ వచ్చేడు రా" అన్నోడు ఒక్కడు లేడు.

నలభై రెండేండ్లు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించినయ్. కూసుంటె లేసుడు కష్టం, లేస్తె కూసునుడు కష్టం. భార్య వినోద బీడీలు చుట్టుకుంటనే దుబాయిల ఉన్న తమ్ముడు సదానందానికి ఫోన్ చేసింది. సదానందం వీసా మాట్లాడిండు.

"గోదాం కాడ వాచ్‌మన్ పని బావా. కుర్చీల కూసునుడే. సంక్రాంతి దాటినంక రమ్మంటున్నరు," అన్నడు.

మళ్ళ కావలే. ముత్యం సరే అనబోయిండు. గప్పుడు కోనంపేట కెళ్ళి కబురొచ్చింది.

కోనంపేట చొప్పదండికి అవతల ఉంటది. గా ఊరి బడికి ఎక్కడికెళ్ళో ఒక పెట్టెడు బేస్‌బాల్ సామాను వచ్చిపడ్డది. ఏం చెయ్యాల్నో ఎవ్వలికి తెల్వక, బ్యాట్లు అటెండర్ తీసుకొని కోతుల్ని కొట్టుటానికి పెట్టుకున్నడు. హెల్మెట్లల్ల వంటామె కోడిగుడ్లు పెట్టింది. అది చూసి గ్రామాభివృద్ధి కమిటీ పెద్దమనిషి లింగారావుకు కోపమొచ్చింది. లింగారావు దేన్నీ దుబారా పోనియ్యడు. తాగిన చాయ గిలాస కూడ తిరగేసి చూసే రకం.

"ఆడపిల్లల జట్టు తయారుచెయ్యి," అన్నడు ముత్యంతోని. "ఒక్క ఏడు చూస్తం. డిసెంబర్ల ఆదిలాబాద్ మీట్ ఉన్నదట గద. అండ్ల గెలిచి పిల్లలు రాష్ట్రం ఆటలకు పోయిండ్రంటె నువ్వు మా ఊరి కోచ్‌వి, ఏటా ఉంటవ్. ఓడిపోయిండ్రంటె నీ తొవ్వ నీది, మా తొవ్వ మాది."

కోనంపేట అని రాసున్న పసుపుపచ్చ టీ-షర్టు ఒకటి చేతుల పెట్టిండు. పదమూడోది. ముత్యం దాన్ని సందుగల వెయ్యొద్దని గప్పుడే ఒట్టు పెట్టుకున్నడు. దుబాయంటె భయం లేదు ఆయనకు, పనంటె అస్సలు లేదు. కాకపోతె ఒక్క ఊరన్న, ఒక్కటంటె ఒక్కటన్న, తనను రెండో ఏడు ఉంచుకోవాలె. గంతే ఆయన కోరిక.

తీరా బడి గ్రౌండ్ చూస్తె నెత్తి తిరిగింది. మాపటీలి ఊరి మొగోళ్ళందరికి అదే బారు. ఎటు చూసినా పలిగిన సీసలు, పల్లీల పొట్టు, పేక ముక్కలు. పిల్లలు ఉరుకుడు దేవుడెరుగు, నడుస్తెనే కాళ్ళు తెగుతయ్. ముత్యం నాల్గు రోజులు వంగి సీసపెంకులు ఏరిండు, రోజూ తెల్లారేసరికి మళ్ళ కొత్తయి.

ఇగ ఇల్లు చెయ్యాలె. రబ్బరుది కొనుటానికి కమిటీ ఒప్పుకోలే. ముత్యం కరీంనగర్ తొవ్వల గ్రానైట్ యార్డుకు పోయి, ఐదు మూలల బొమ్మ కాయితం మీద గీసి మున్షీకిచ్చిండు. రెండొద్దులకు కోసిన పలక చేతికొచ్చింది. నున్నగ, నిండుగ ఉన్నది. దాన్ని గ్రౌండ్‌ల భూమికి సమానంగ పాతి, సున్నం పూసిండు. బండ కాడికెళ్ళి తాడు పట్టి, ముగ్గుపిండితోని అటొక గీత ఇటొక గీత, నడుమ నలుచదరం గీసిండు. గీసి లేసేసరికి నడుం పట్టుకున్నది.

అగో, గప్పుడొచ్చింది కనకవ్వ. డెబ్బై ఏండ్ల ముసల్ది, చేతుల కట్టె, నోట్లె పోక. మనమరాలు సృజన ఆటల చేరిందని రోజూ వచ్చి గట్టు మీద కూసుంటది. సృజన ఊరు మొత్తంల ఉరుకుట్ల ఫస్టు. కనకవ్వ ముగ్గును చూసింది, పాతిన బండను చూసింది, ముత్యాన్ని చూసింది.

"ఏ దేవునికి పట్నమేసినవ్ బిడ్డా?"

మల్లన్నకు పట్నమేసినప్పుడు గట్లనే రంగు ముగ్గులేస్తరు గద, ముసల్ది గట్ల అనుకున్నదని ముత్యానికి నవ్వొచ్చింది. పరాచికానికి, "గిది ఇల్లవ్వా. ఎంత తిరిగినా ఆఖరికి అందరు ఈడికే రావాలె. గంత మహత్తు గలది," అన్నడు.

"అట్లనా," అన్నది కనకవ్వ.

తెల్లారి వచ్చి చూస్తె బండ మీద పసుపు బండారి, కుంకుమ, పక్కన ఊదుకడ్డీలు, కొట్టిన కొబ్బరికాయ. ముత్యం నోరు తెరిచిండు. చెప్పాలె, గిది దేవుడు కాదని గప్పుడే చెప్పాలె. గని చెప్పేలోపు నలుగురు తల్లులొచ్చిండ్రు. ప్యాంట్లేసుకొని ఉరికే ఆట మా పిల్లకొద్దని వారం కింద మొకమ్మీద అన్నోళ్ళు వాళ్ళే. "దేవుని జాగల ఆడుడైతె మాకేం ఫికర్ లేదు సారూ" అని బిడ్డల్ని అప్పజెప్పి పోయిండ్రు. పదిమందికి జట్టు పద్నాలుగైంది. ముత్యం తెరిచిన నోరు మూసుకున్నడు. ఊకున్నంత ఉత్తమం లేదని కొబ్బరి ముక్క ఒకటి నోట్లేసుకున్నడు.

ఇంకో వింత. గా వారం కెళ్ళే గ్రౌండ్‌ల సీసలు బందైనయ్. తాగుబోతు ఒక్కడు కనపడలే. నా విజిల్‌కు భయపడ్డరు, అనుకున్నడు ముత్యం, ఛాతి జరంత ముందుకొచ్చింది.

ఆగస్టుల మెట్‌పల్లి జట్టును ఆటకు పిలిచిండు. అప్పటిదాక కొట్టుడు, పట్టుడే నేర్పిండు గని పిల్లల్ని ఇంటిదాక ఉరికిచ్చలే. లింగారావు కుర్చీ ఏయించుకొని కూసున్నడు. సృజన కొట్టింది, బంతి మక్కచేన్ల పడ్డది, పోరి గాలి లెక్క మూడు మూలలు తిరిగి ఇంటి మీదికొచ్చింది. వచ్చి, బండ మీద కాలు పెట్టకుంట ఎగిరి అవతల దుంకింది.

"ఇల్లు తొక్కు! తొక్కవే!" అని మొత్తుకున్నడు ముత్యం.

"బూట్లతోనా సారూ? కండ్లు పోవా?" అన్నది సృజన. గంతల మెట్‌పల్లి క్యాచర్ వచ్చి బంతి తాకిచ్చింది. ఔట్.

తర్వాత కోమల అనే పిల్ల ఇంక తెలివి చూపెట్టింది. మూడో మూల కాడ ఆగి, కూసోని, బూట్ల లేసులు విప్పుట్ల పడ్డది. ఒక బూటు విప్పేసరికి బంతొచ్చింది. మెట్‌పల్లి కోచ్ కడుపు పట్టుకొని నవ్విండు. పద్నాలుగుమందిల ఒక్కతంటె ఒక్కతి బండ తొక్కలే. లింగారావు కుర్చీ మడిచి చంకల పెట్టుకొని పోయిండు.

ముత్యం పరేషానైండు. చేసిన పాపం చెబితె పోతదంటరు. గది ఉత్త బండని చెబితె తల్లులు బిడ్డల్ని తీసుకపోతరు, అబద్ధం ఆడినవని ఊరు ఉమ్మేస్తది. చెప్పకుంటె పిల్లలు తొక్కరు, తొక్కకుంటె ఆదిలాబాద్‌ల ఓటమి ఖాయం. గా బండ పక్కన్నే, పద్దెనిమిదేండ్లు కూసున్నట్టే గొంతుక్కూసుండి ఆలోచన చేసిండు. గట్ల కూసునేసరికి నాందేడ్ల ఒక పొట్టోడు యాదికొచ్చిండు. వాడు ఎన్నడు కాలు తేకపోతుండె. పక్కకెళ్ళి జారి, ఒక్క చెయ్యి మాత్రం చాపి ఇల్లు ముట్టి పోతుండె. కాలు పెద్దది, బంతితోని దొరికిచ్చుకోవచ్చు. ఒక్క చెయ్యిని దొరికిచ్చుకొనుడు ఏ క్యాచర్ అబ్బతరం కాదు. ముత్యం గా పొట్టోన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నడో లెక్కలేదు.

తెల్లారి పిల్లల్ని నిలవెట్టిండు. "దేవుణ్ణి కాలుతోని తొక్కుడు తప్పే. నాదే తప్పు, గట్ల చెప్పొద్దుండె. ఇగ నుంచి పక్కకెళ్ళి జారి వచ్చి, చెయ్యితోని ముట్టి మొక్కుండ్రి. ముట్టితె పరుగొస్తది, మొక్కితె పుణ్యమొస్తది."

పోరీలు ఎగిరి గంతేసిండ్రు. నాలుగు నెలలు మోచేతులు, మోకాళ్ళు దోక్కపోయేదాక జారిండ్రు. జారుడు, ముట్టుడు, గా చెయ్యి తెచ్చి కండ్లకద్దుకునుడు, మూడు కలిసి ఒక్క పనైపోయింది. గట్టు మీద కనకవ్వ పోక నములుకుంట ఒక్కొక్కర్ని చూస్తుండె. "కోమలా, నీ చెయ్యి ముందుగాల్నే చాపుతున్నవే" అని అప్పుడప్పుడు కేకేస్తుండె. ముసల్దానికి ఆటేం తెలుసని ముత్యం ముసిముసిగ నవ్వుకున్నడు.

డిసెంబర్ల ఆదిలాబాద్ అంటె చెప్పేదేమున్నది. పొద్దుగాల ఎనిమిదింటికి కూడ నోట్లెకెళ్ళి పొగలే. పెద్దామె ఎవ్వలన్న ఎంట ఉంటెనే పంపుతమని తల్లులు అంటె, కనకవ్వ గొంగడి కప్పుకొని వ్యాన్ ముందు సీట్ల కూసోని వచ్చింది. గ్రౌండ్ గేటు కాడనే ఎదురైండు విద్యాధర్. ఒకప్పుడు ఆదిలాబాద్ కెప్టెన్, ఇప్పుడు గా జిల్లా జట్టుకు కోచ్. ఆకుపచ్చ జెర్సీ ముత్యం చేతుల పెట్టి "నువ్వే ఉంచుకో తమ్మీ" అన్నది ఈయననే.

"అరె ముత్యం! ఇంక తిరుగుతనే ఉన్నవా?" అన్నడు.

"ఏం చెయ్యాలె అన్నా, అలవాటైంది," అన్నడు ముత్యం. నవ్వుకుంటనే అన్నడు గని గేటు కాడ తాగిన చాయ తియ్యగ అనిపించలే.

పొద్దుటి ఆట సెమీఫైనల్. కోమల ఇంటికి జారి, దుమ్ముల చెయ్యి చాపి ముట్టింది. నిజంగ ముట్టింది, ముత్యం కండ్లార చూసిండు. అంపైర్ మాత్రం కాలు కోసం చూసిండు. కాలు ఇంటి మీద పడలే గద, చెయ్యి చూడకనే ఔటన్నడు. ఎంత చెప్పినా ఇనలే. ఎట్లనో రెండు పరుగులతోని గెలిచిండ్రు గని ముత్యానికి ఫికర్ పట్టుకున్నది. పొద్దుమీకి ఫైనల్‌కు కూడ గదే అంపైర్. నేర్పిన విద్యనే మెడకు చుట్టుకునేటట్టున్నది.

ఫైనల్ విద్యాధర్ జట్టుతోనే. ఆట మొదలుకాకముందే ఒక లొల్లి. అంపైర్ వచ్చి చూస్తె తెల్ల రబ్బరు ఇంటి మీద ఇంత మందం బండారి! కనకవ్వ కట్టె పట్టుకొని, ఏమెరుగనట్టు నడుచుకుంట పోతున్నది.

"ఎవలమ్మా గీ ముసలవ్వ!" అని అంపైర్ నడుంకున్న బుర్రుసు తీసి తుడిచిండు. నాలుగో ఇన్నింగ్స్ నడుమ చూస్తె మళ్ళ బండారి. మళ్ళ తుడిచిండు. బుర్రుసు పసుపుపచ్చగైంది, ఆయన ప్యాంటు పసుపుపచ్చగైంది. విద్యాధర్ జట్టోళ్ళు పకపక నవ్విండ్రు.

ముత్యం ఉరికొచ్చిండు. "అవ్వా, నీ కాల్మొక్త. ఇజ్జత్ తీస్తున్నవ్. గిది మన ఊరి బండ కాదు!"

"ఏ ఊరైతేంది, ఇల్లు ఇల్లే గద. నువ్వే అంటివి," అన్నది కనకవ్వ, కొంగుముడిల మిగిలిన బండారి చూసుకుంట.

ఆఖరి ఇన్నింగ్స్ కాడికి మూడోసారి పూసింది. అంపైర్ రెండు చేతులు జోడించి, "మీ దేవునికి, మీకు దండం. ఆట కానియ్యుండ్రి," అని ఊకున్నడు.

నాలుగు-నాలుగు. ఆఖరి కొట్టుడు కోనంపేటదే. ఇద్దరు ఔటైండ్రు, ఒక్క ఔట్ మిగిలింది. సృజన రెండో మూల కాడ నిలవడ్డది. కోమల బ్యాట్ పట్టింది. ముత్యం లెక్కేసుకున్నడు. గీ ఒక్క పరుగొస్తె ఊరు ఉంచుకుంటది, రాకుంటె ఆట ఇంకో ఇన్నింగ్స్‌కు పోతది, అలిసిన పోరీలు నిలవరు, పదమూడో జెర్సీ సందుగలకు, తను దుబాయి గోదాం కాడికి.

కోమల కొట్టింది. బంతి ఎడమ దిక్కు గడ్డిల కురికింది. సృజన మూడో మూల దాటి, తిరిగి చూడకుంట, ఇంటి తొవ్వ పట్టింది. అవతలి పిల్ల బంతి ఎత్తి ఇసిరింది. క్యాచర్ పిల్ల ఇంటికి అడ్డం నిలవడ్డది. సృజన పక్కకెళ్ళి జారింది, దుమ్ము లేసింది, దుమ్ములకెళ్ళి ఒక్క చెయ్యి అవుపడ్డది, మళ్ళ మాయమైంది. దుమ్ము అణిగేసరికి పోరి మోకాళ్ళ మీద కూసోని ఉన్నది, క్యాచర్ పిల్ల ఆమె ఈపుకు బంతి ఆనిచ్చి ఉన్నది.

అంపైర్ పిడికిలెత్తి ఔటన్నడు.

ముత్యం కుంటుకుంట ఉరికిండు. "ముట్టింది సారూ! మా పిల్ల ముట్టింది!"

"నేను చూడలే. కాలెక్కడ పడ్డది?"

"కాలు కాదు సారూ, చెయ్యి!"

"నేను చూడందే ఎట్లియ్యాలె?"

ముత్యం పద్దెనిమిదేండ్లల అంపైర్‌తోని తగువాడి గెలిచినోన్ని ఒక్కన్ని చూడలే. అయిపోయింది, అనుకున్నడు. సృజన ఇంక గట్లనే కూసున్నది, అరచెయ్యి రెండు కండ్ల మీద పెట్టుకొని. ఏడుస్తున్నదనుకొని అంపైర్ వంగి చెయ్యి తీసిండు. పోరి ఏడుస్తలేదు, మొక్కుతున్నది. రెండు కనురెప్పలు, నొసలు మొత్తం పచ్చగ పసుపు. అరచెయ్యి పసుపు. అంపైర్ ఇంటి దిక్కు చూసిండు. బండారి నడుమ ఐదు వేళ్ళ అచ్చు, కడిగిన ముత్యం లెక్క తెల్లగ కనవడ్డది.

అంపైర్ క్యాచర్ పిల్లను అడిగిండు. "బిడ్డా, నిజం చెప్పు. నువ్వు బంతి ఆనిచ్చినప్పుడు గీ పిల్ల చెయ్యి ఏడున్నది?"

గా పిల్ల తమ కోచ్ దిక్కు చూసింది, నేల దిక్కు చూసింది. మంచి అవ్వ కన్న బిడ్డ, అబద్ధమాడలే. "కండ్ల మీద ఉండె సార్. అప్పటికే మొక్కుతుండె."

విద్యాధర్ ఉరికొచ్చి, "గా పసుపు ఎవలు పూసిండ్రు? రూల్ ఉన్నదా?" అని గయ్యిమన్నడు.

"ఎవలన్న పూసిండ్రనుకో. పసుపైతె అబద్ధం చెప్పదు గద," అని అంపైర్ రెండు చేతులు బార్లా చాపిండు. పరుగు!

ఇగ చూడాలె లొల్లి. పద్నాలుగుమంది పోరీలు ముత్యం మీద పడ్డరు. మోకాళ్ళు మర్చిపోయి ఆయన కూడ ఎగిరిండు, ఎగిరి కూలబడ్డడు, కూలబడి నవ్విండు. విద్యాధర్ మొకం మాడ్చుకున్నా వచ్చి చెయ్యి కలిపిండు.

నిర్మల్ కాడ చాయకు వ్యాన్ ఆపిండ్రు. పొద్దు గూకి చీకటైంది. పిల్లలు మిరపకాయ బజ్జీల మీద పడ్డరు. కనకవ్వ చాయ సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగుతున్నది. ముత్యానికి గెలిచిన సంబురం ఒక దిక్కు, లోపల ముల్లు ఒక దిక్కు. ఇగ దాసుకొనుడు ఆయనతోని కాలే.

"అవ్వా, ఒకటి చెప్త, తిట్టకు. మన గ్రౌండ్‌ల ఉన్నది దేవుడు కాదు. ఉత్త బండ. నేను పరాచికమాడిన, నువ్వు మొక్కినవ్. ఊరంత నమ్మింది. నేను నోరు మూసుకున్న. తప్పయింది, నన్ను మాఫ్ చెయ్యి."

కనకవ్వ చాయ ఊదుడు ఆపలే. "ఎర్కనే."

"ఏం ఎర్క?"

"గా బండ కోసింది మా అంతయ్యనే. గ్రానైట్ యార్డుల మిషిని మీద ఉండేది నా కొడుకు కాదా? సృజన బాపు. ఐదు మూలల బండ, గట్లాంటిది ఎన్నడు కొయ్యలేదవ్వా అని ఇంటికొచ్చి చెప్పిండు. మూలకు జర పెచ్చు లేసిందని మున్షీ తిట్టిండట కూడ."

ముత్యం చేతుల గిలాస ఒరిగింది. "మరి పసుపెందుకు పూసినవ్?"

"నువ్వు రోజూ సీసపెంకులు ఏరుతుంటివి. నడుం వంగి వంగి, కుంటుకుంట. నేను గట్టు మీద కూసోని చూస్తనే ఉంటి. గా తాగుబోతులకు నువ్వు చెబితె ఇంటరా, సర్పంచ్ చెబితె ఇంటరా? పసుపు పూసిన జాగల సీస పలగ్గొట్టే దమ్ము మా ఊర్ల ఎవ్వనికున్నది? మొదటివాడు నా కొడుకే బందైండు." కనకవ్వ సాసర్ కింద పెట్టింది. "నీ విజిల్‌కు భయపడ్డరనుకున్నవా?"

ముత్యం తల గోక్కున్నడు. అనుకున్నడు గద మరి. తాడిని తన్నెటోడుంటె వాని తల దన్నెటోడుంటడు. గీడ తల దన్నింది డెబ్బై ఏండ్ల ముసల్ది.

"మరి ఈడ? ఆదిలాబాద్‌ల?"

"పొద్దుగాల కోమల ముట్టింది. నేను చూసిన, నువ్వు చూసినవ్. గా అంపైర్‌కు కండ్లు ఆనుతలేవు. ఆనకపోతె ఆనేటట్టు మనమే చెయ్యాలె. పసుపైతె చేతికంటుతది గద." ముసల్ది నోరు తుడుచుకున్నది. "సృజనకు మాత్రం చెప్పకు. అది నమ్మి మొక్కుతున్నది. మొక్కేటోళ్ళను మొక్కనియ్యాలె."

"నువ్వు కూడ రోజూ మొక్కుతవ్ గద అవ్వా, ఉత్త బండకు?"

"మొక్కితె పోయేదేమున్నది బిడ్డా. అయినా ఏ దేవుడైనా బండగనే మొదలైతడు."

తెల్లారి ముత్యం గ్రౌండ్‌కు పోయేసరికి లింగారావు బండ కాడ నిలవడి ఉన్నడు, చెప్పులు దూరంగ విడిచి. ముత్యం టీ-షర్టు మీద ఆదిలాబాద్ దుమ్ము గట్లనే ఉన్నది. రాత్రి పొద్దువోయిందని బడిలనే పండుకున్నడు, వినోదకు ఫోన్ల చెప్పిండు గెలిచినమని. "సదానందానికేం చెప్పాలె మరి?" అని అడిగితె మాత్రం, రేపు చెప్తనని ఫోన్ పెట్టేసిండు. గెలిచినంక గూడ జెర్సీ చేతుల పెట్టి పంపిన జట్లు రెండున్నయ్.

"మంచిగ చేసినవ్ ముత్యం," అన్నడు లింగారావు. గంతే, ఎక్కువ మెచ్చుకునే అలవాటు లేదు ఆయనకు. రెండడుగులు పోయి, మళ్ళ ఎనుకకు తిరిగిండు. "ఆఁ, గా టీ-షర్టు ఇంటికి తీస్కపోయేవు. ఉతికి కమిటీ బీరువల పెట్టు. వచ్చేడు కూడ నువ్వు గదే ఏసుకోవాలె. ఏటేటా కొత్తది కుట్టిచ్చుడు మాతోని కాదు."

ముత్యం నిలవడ్డ జాగలనే నిలవడ్డడు. కండ్లల్ల నీళ్ళు గిర్రున తిరిగినయ్, ఆపుకుందామంటె ఆగలే.

లింగారావు పరేషానైండు. ఒక్క అంగి కోసం గింత పెద్దమనిషి ఏడ్చుడేందని నొచ్చుకున్నడు. "అరె, గంత మనసున్నదా దాని మీద? సరే తియ్యి. జెర్సీ నువ్వే ఉంచుకో తమ్మీ."

"ఒద్దు సారూ!" అని ముత్యం గట్టిగ మొత్తుకున్నడు. గట్టు మీద కనకవ్వ ఉలిక్కిపడ్డది. "ఒద్దొద్దు, నేనుంచుకోను! బీరువలనే పెడ్త!"

గా పొద్దే బనీన్ మీద బడి బోరు కాడ కూసోని దాన్ని సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికిండు. తీగ మీద ఆరేసి, ఆరేదాక పక్కకెళ్ళి కదలలే.